మీ మోటారు యూనిట్‌కు ఎన్ని లీటర్లు ఎక్కిస్తోంది?

నీళ్ళు, కరెంటు, అపార్ట్‌మెంటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ట్యాంకర్ల గురించీ, మోటార్లకూ, లిఫ్టులకూ అందరికీ కలిపి ఉండే కామన్ మీటరు కరెంటు బిల్లు గురించీ. ఎండాకాలం కదా. కొత్తగా చదువుతున్నవారికి నా గురించి ఒక్క మాట. నేను జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కూకట్‌పల్లి దగ్గర 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఆరేళ్ళు అక్కడి అసోసియేషన్ సెక్రటరీగా చేశాను. ఇక్కడ రాసేది చాలావరకు ఆ ఆరేళ్ళలో బకెట్టు, టేపు, చేతి గడియారం పట్టుకుని తెలుసుకున్నదే.

ప్రశ్న: మాది 30 ఫ్లాట్ల బిల్డింగు. ఫిబ్రవరి నుంచే ట్యాంకర్లు మొదలయ్యాయి. మెయింటెనెన్స్ 2,500 నుంచి 4,000 చేశారు. మీటింగు పెడితే ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే. 'పై ఫ్లోరు వాళ్ళ ఇంట్లో వాషింగ్ మెషీన్ రోజూ తిరుగుతుంది', 'వాళ్ళింటికి ఎప్పుడూ చుట్టాలే' అనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
*ఒక గృహిణి, మియాపూర్*

జవాబు: అమ్మా, ముందు ఆ వాషింగ్ మెషీన్ సంగతి, చుట్టాల సంగతి పక్కన పెట్టించండి. ఎవరు ఎంత వాడుతున్నారో మీలో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు అనుమానం తప్ప ఏం మిగులుతుంది? మా దగ్గరా ఇదే జరిగింది. రెండేళ్ళు మాటల్లేకుండా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. తీరా చూస్తే దొంగ ఎవరో కాదు, ఫ్లష్ ట్యాంకుల్లోని రబ్బరు వాషర్లు.

అది ఎలా దొరికిందో చెబుతాను, మీరూ చేయవచ్చు. ఒక రాత్రి ఒంటిగంటకు వాచ్‌మన్‌ని తోడు తీసుకుని టెర్రస్ ఎక్కాను. ఓవర్‌హెడ్ ట్యాంకులో ఒక కర్ర నిలబెట్టి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టాం. మోటారు వేయొద్దని చెప్పి వచ్చేశాను. నాలుగు గంటలకు మళ్ళీ ఎక్కితే మట్టం నాలుగు అంగుళాలు దిగి ఉంది. మా ట్యాంకు లోపలి కొలత పది అడుగులు, ఎనిమిది అడుగులు. ఆ లెక్కన ఒక అంగుళం అంటే సుమారు 190 లీటర్లు, నాలుగు అంగుళాలంటే 760. రాత్రి లేచి బాత్‌రూముకు వెళ్ళేవాళ్ళ వాడకం కింద ఓ 200 లీటర్లు తీసేశాను. ఇంకా 560 లీటర్లు మిగిలాయి. ఊరంతా నిద్రపోతున్న మూడు గంటల్లో ఆ నీళ్ళు ఎక్కడికి పోయినట్టు? కారుడు రాత్రీ పగలూ ఒకటే కాబట్టి రోజు మొత్తానికి చూస్తే దాదాపు 4,500 లీటర్లు. చిన్న ట్యాంకరు పట్టేది 5,000. అంటే రోజుకో ట్యాంకరు తెప్పించి, డబ్బు కట్టి, డ్రైనేజీలో పోస్తున్నాం.

మర్నాడు మిఠాయిల్లో వేసే రంగు కొని ఇల్లిల్లూ తిరిగాను. ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కలు వేయాలి. ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. ఆ తర్వాత కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ పోయినట్టే. 92 టాయిలెట్లలో 14 కారుతూ దొరికాయి. కారడమంటే చప్పుడు చేస్తూ కాదు, గోడకు అతుక్కుని సన్నగా జారుతుంది. కంటికి కనిపించదు. నిమిషానికి ఒక్క గ్లాసు చొప్పున పోయినా రోజుకు 288 లీటర్లు. దేశంలో ఇళ్ళ వాడకానికి పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఇద్దరు మనుషుల నీళ్ళు ఒక్క వాషర్ తాగేస్తోందన్నమాట. ప్లంబర్ కూలితో కలిపి మాకు అయిన ఖర్చు 5,600 రూపాయలు.

కారుడు ఆగాక వాడకం లెక్క తీయండి. వారం రోజులు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, బోరు ఎన్ని గంటలు నడిచింది, మునిసిపల్ నీళ్ళు ఎన్ని వచ్చాయి అని ఒక నోటుపుస్తకంలో రాయించండి. మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించండి. మాకు మొదట్లో మనిషికి 207 లీటర్లు వచ్చింది. కారుళ్ళు, ట్యాంకు పొర్లడం, వంటింటి కుళాయిలు సరిచేశాక 146కి దిగింది. ఎవరినీ స్నానం తగ్గించుకోమని అడగలేదు. ఆ మాట అడగకూడదు కూడా.

కుళాయిల విషయంలో ఒక జాగ్రత్త. నీటి ధారలో గాలి కలిపే ఏరేటర్లు అన్ని కుళాయిలకూ పెట్టించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వంటింటి సింకుకు, వాష్‌బేసిన్‌కు పెట్టండి. అక్కడ నిమిషానికి 12, 15 లీటర్లు పోసే కుళాయి ఐదారు లీటర్లకు దిగుతుంది, గిన్నెలు కడగడానికి తేడా తెలియదు. బాత్‌రూములో బకెట్టు నింపే కుళాయికి మాత్రం వద్దు. బకెట్టు ఎలాగూ నిండాల్సిందే. నీళ్ళు మిగలవు, టైమ్ పడుతుంది, నాలుగో రోజు కోపంతో పీకి పారేస్తారు. ఇంకొకటి, గ్రౌండ్ ఫ్లోరు, ఫస్ట్ ఫ్లోరు ఇళ్ళలో ప్రెషర్ ఎక్కువ. అక్కడ ఏరేటర్లు కూడా అక్కర్లేదు, ఇంటి లైనుకున్న వాల్వును కొంచెం మూస్తే చాలు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇదీ చూసుకోండి. 2021 జనవరి నుంచి మీటరున్న ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంట్లకు ఫ్లాటు చొప్పున లెక్కిస్తారు. నలుగురున్న ఇంటికి 135 చొప్పున నెలకు అయ్యేది 16,200 లీటర్లే. మీ కనెక్షన్‌కు పనిచేసే మీటరు ఉందా, ఫ్లాట్లన్నీ ఆ లెక్కలో చేరాయా అన్నది ట్యాంకరుకు ఫోన్ చేసే ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ప్రశ్న: మా కామన్ మీటరు బిల్లు నెలనెలా పెరుగుతోంది. ఐదంతస్తుల బిల్డింగు, బోరు 800 అడుగులు. నీళ్ళు సరిగా రావట్లేదని చెబితే ఎలక్ట్రీషియన్ బోరు మోటారు 5 హెచ్‌పీ తీసి ఏడున్నర పెట్టమంటున్నాడు. సంపు మోటారు కూడా 5 హెచ్‌పీయే. ఏం చేయమంటారు?
*అసోసియేషన్ సెక్రటరీ, ఎల్‌బీ నగర్*

జవాబు: ఏడున్నర పెట్టకండి. బోరులోకి గంటకు ఎంత ఊరుతుందో అంతే వస్తుంది. పెద్ద మోటారు పెడితే ఆ ఊరిన నీళ్ళను తొందరగా లాగేసి ఒట్టిగా తిరుగుతుంది, కాలిపోతుంది. మీకు కావలసింది పెద్ద మోటారు కాదు, నీళ్ళు తగ్గగానే ఆగిపోయే డ్రై రన్ రక్షణ, కొంతసేపు ఆగి మళ్ళీ నడిచే టైమరు.

ఇప్పుడు కరెంటు లెక్క. ఇది మా అసోసియేషన్‌లో బోర్డు మీద రాసి చెప్పాను, మీరూ చెప్పండి. వెయ్యి లీటర్ల నీళ్ళను సంపు నుంచి 20 మీటర్లు పైకెత్తడానికి కాగితం మీద కావలసింది యూనిట్‌లో ఇరవయ్యో వంతు. మోటారులో, పంపులో, పైపుల్లో పోయే నష్టాలు కలిపితే దానికి దాదాపు మూడు రెట్లు, 0.15 యూనిట్ అనుకోండి. అదే వెయ్యి లీటర్లను బోరులో 600 అడుగుల లోతు నుంచి లాగితే ఒకటిన్నర యూనిట్. పది రెట్లు. రోజుకు 20,000 లీటర్లు వాడే బిల్డింగులో ఒకటి 3 యూనిట్లు, ఇంకొకటి 30. నెలకు 90 ఎక్కడ, 900 ఎక్కడ! కాబట్టి మీ కరెంటు బిల్లు తగ్గించే మొదటి మార్గం లైట్లు ఆర్పడం కాదు, పై ప్రశ్నలో చెప్పిన రంగు పరీక్ష. లోతైన బోరు నీళ్ళు ఫ్లష్ ట్యాంకులో కారిపోతుంటే కరెంటు కారిపోతున్నట్టే. మునిసిపల్ నీళ్ళ సంగతి మాత్రం వేరేనా? కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లు దాటి, దారిపొడవునా మోటార్లతో ఎత్తుకుంటూ ఈ ఊరికి వస్తున్నాయి.

సంపు మోటారు గురించి. మా దగ్గరా ఐదంతస్తులకు 5 హెచ్‌పీ పెట్టారు, 'ఎందుకైనా మంచిదని'. పైపు అదిరిపోతోందని ఒక ప్లంబర్ గేటు వాల్వును సగం మూసి వెళ్ళాడట. ఏళ్ళ తరబడి మోటారు ఆ మూసిన వాల్వుతో పోట్లాడుతూనే ఉంది, ఎవరూ చూడలేదు. ఒక ఆదివారం కామన్ మీటరులో లిఫ్టులు, లైట్లు ఆపించి, రీడింగు రాసుకుని, ట్యాంకు నింపి, మళ్ళీ రీడింగు చూశాం. 12,000 లీటర్లకు 4.7 యూనిట్లు. యూనిట్‌కు 2,500 లీటర్లు. బిల్డింగు ఎత్తుకు, పైపు సైజుకు సరిపడే 2 హెచ్‌పీ పంపు పెట్టించి, వాల్వు పూర్తిగా తెరిచి మళ్ళీ కొలిస్తే యూనిట్‌కు 6,500 లీటర్లు దాటింది. మాకు నెలకు 150 యూనిట్లు మిగిలాయి. పంపు కొనేటప్పుడు షాపులో హెచ్‌పీ ఒక్కటే చెప్పకండి. ఎన్ని మీటర్ల ఎత్తు, నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలో రాసి ఇవ్వండి. పంపు మీద ఉండే పట్టీలో ఆ అంకెలు ఉంటాయి.

ట్యాంకు పొర్లకుండా ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టించారా? మీ ప్రశ్నలో లేకపోయినా అడుగుతున్నాను. నిమిషానికి 200 లీటర్లు ఎక్కించే మోటారు అరగంట మర్చిపోతే 6,000 లీటర్లు కింద పోతాయి. అప్పుడు అందరూ వాచ్‌మన్ మీద పడతారు. మా వాచ్‌మన్ తెల్లవారుజామున నాలుగుకు లేచి మోటారు వేసేవాడు, పగలు గేటు దగ్గర నిలబడేవాడు, మధ్యలో పదిమంది పనులు చెప్పేవారు. నిద్రపట్టేసిన ఒక్క రోజుకు అతన్ని అందరి ముందూ నిలబెట్టి తిట్టడం నా కళ్ళతో చూశాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది. కొన్ని వేల రూపాయల కంట్రోలర్ ఆ మనిషికి రాత్రి నిద్ర ఇచ్చింది. నా దృష్టిలో నీళ్ళు మిగలడం కంటే అది పెద్ద లాభం.

ప్రశ్న: అద్దె ఫ్లాటులో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగులం. మార్చిలో 195 యూనిట్లకు ఎనిమిది వందల దాకా వచ్చిన బిల్లు ఏప్రిల్‌లో 230 యూనిట్లకు పన్నెండు వందలు దాటింది. 35 యూనిట్లకే అంత తేడానా? మీటరు పాడైందని నా టెన్షన్.
*ఒక ఉద్యోగి, గచ్చిబౌలి*

జవాబు: మీటరు పాడవలేదు బాబూ, 200 గీత దాటారు. తెలంగాణలో 2022 నుంచి ఉన్న శ్లాబుల్లో నెల వాడకం 100 దాటి 200 లోపు అయితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. గీత దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. 200 వరకు అన్నిటికీ 5.10, ఆపైన 300 దాకా 7.70. మీ 195 యూనిట్లకు కరెంటు ఛార్జీ 796 రూపాయలు. 230కి 1,251. మిగతా ఛార్జీలు వేరే. ఏసీ వల్ల పెరిగిన 35 యూనిట్లకు మీరు కట్టింది 455, అంటే యూనిట్‌కు 13 రూపాయలు. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్ళకు ఈ గీత ఇంకా బరువైనది, దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి.

అద్దె ఇల్లు కాబట్టి వెళ్ళేటప్పుడు పట్టుకుపోగలిగేవే కొనండి. అన్నిటికంటే ముందు ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. రెండు మార్చినా మీరు మళ్ళీ గీత లోపలికి వస్తారు. గోడకు పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు ఉంటే ఫ్యాను స్పీడు తగ్గించినా పెద్దగా మిగలదు, ఆ కరెంటు డబ్బాలోనే వేడిగా పోతుంది. ఏసీ 24 మీద పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు ఆరు శాతం తగ్గుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ 24 మీదే మొదలయ్యేలా నిబంధన పెట్టింది అందుకే. రెండు వారాలకోసారి ఏసీ జాలీలు తీసి కడగండి. గీజరు ఈ నెలలో స్విచ్ వేయాల్సిన పనే లేదు.

ప్రశ్న: పై అంతస్తులో ఉంటున్నాం. మా అమ్మగారికి డెబ్భై ఎనిమిది. మే నెలలో రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతుంది. ఏసీ ఆమెకు పడదు. ఏదైనా దారి ఉందా?
*ఒక పాఠకురాలు, విజయవాడ*

జవాబు: ఉందమ్మా. స్లాబుకు తెల్లరంగు వేయించండి. వేడి లోపలికి వచ్చాక ఏసీతో తోడడం కంటే రాకుండా చేయడం మేలు. మన పెద్దవాళ్ళు ఎండాకాలం ముందు డాబాకు సున్నం కొట్టించింది ఇందుకే. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీన్నే కూల్ రూఫ్ విధానంగా తెచ్చింది. మార్కెట్లో ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింట్లు దొరుకుతాయి, వాటిని వేస్తే కొన్నేళ్ళు నిలుస్తుంది. అంత ఖర్చు వద్దనుకుంటే సున్నం మంచిదే, కాని ఏటా వేయాలి. ముందు టెర్రస్ కడిగి, పగుళ్ళు పూడ్పించి, రెండు రోజులు ఆరనిచ్చాకే వేయించండి. ఫిబ్రవరి చివర చేయిస్తే మంచిది, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు.

టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌కు కాగితం రాసి అడగండి. ఖర్చు మీ ఒక్కరిదే కావడం న్యాయం కాదు. పైన ట్యాంకులకు కూడా అదే తెల్లరంగు వేయించమనండి. నల్లట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి ఉడుకెత్తి ఉంటాయి. చల్లనీళ్ళు వచ్చేదాకా కుళాయి తిప్పి వదిలేసే ఇళ్ళు ఎన్నో. అందరికీ ఉపయోగం ఉందని చెబితే ఒప్పుకోవడం సులువు. ఈలోగా అమ్మగారి మంచం సాయంత్రం వేళ గాలి తగిలే వైపు వేయండి, కిటికీకి బయట తడక కట్టండి. ఎండ గాజుకు తగలకముందే ఆపాలి, లోపల కర్టెన్ వేస్తే సగం వేడి అప్పటికే వచ్చేసి ఉంటుంది.

ప్రశ్న: బెంగళూరులో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మాది. 2024 ఎండాకాలం చూశాక ఫ్లాటుకో వాటర్ మీటరు పెట్టాలన్న మాట వచ్చింది. పెద్ద కుటుంబాల వాళ్ళు 'మేం ఎక్కువ కట్టాలా?' అని గొడవ. మా ఇంట్లో ఆరుగురం, అత్తగారికి ఒంట్లో బాగుండదు, చంటిబిడ్డ ఉంది. నేను ఎటువైపు మాట్లాడాలో తెలియట్లేదు.
*ఒక పాఠకురాలు, బెంగళూరు*

జవాబు: మీటర్ల వైపే మాట్లాడండి, కాని మీ ఇంటి పరిస్థితి గట్టిగా చెప్పి మాట్లాడండి. 2024 మార్చిలో మీ ఊళ్ళో తాగునీటితో కార్లు కడిగితే 5,000 జరిమానా అన్నారు, కుళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి చేశారు. కరువు వచ్చాక పెట్టే నియమాలు అలాగే గట్టిగా ఉంటాయి. అంతకంటే ముందే మనం మనం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకుంటే అందులో చంటిబిడ్డకు, పెద్దావిడకు చోటు ఉంటుంది.

నేను మా దగ్గర ఒప్పించిన పద్ధతి ఇది. ఇంటికి ఇంత అని కాకుండా మనిషికి ఇంత అని మొదటి వాటా. తలకు రోజుకు 135 లీటర్ల వరకు మామూలు రేటు. మీ ఆరుగురికి 810 లీటర్లు వస్తుంది. ఆపైన వాడినదానికే ట్యాంకరు రేటు. మంచంలో ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇంటికి ఇంకొంచెం కలపాలి. దీనికి డాక్టరు చీటీలు అడగకూడదు, నోటిమాట చాలు. పక్కపక్కన బతుకుతున్నవాళ్ళం.

డబ్బు సంగతి ఒకటి ముందే తెలుసుకోండి. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు ఒకే పైపు రాదు. ప్రతి బాత్‌రూముకు, వంటింటికి పైనుంచి విడి విడి పైపులు దిగుతాయి. అంటే ఒక ఫ్లాటుకు మూడు, నాలుగు మీటర్లు. అంచనా వేయించే ముందు షాఫ్టులో పైపులు లెక్కపెట్టించండి. మీటరు ముందు జాలీ ఫిల్టరు లేకపోతే బోరు ఇసుకకు ఏడాదిలో ఆగిపోతాయి.

రీడింగులు నోటీసు బోర్డు మీద పెట్టనివ్వకండి. ఎవరి అంకె వాళ్ళకే చెప్పాలి, బిల్డింగు సగటు మాత్రం అందరికీ చెప్పాలి. మా దగ్గర మొదటి నెలలోనే ఇద్దరు ముసలి దంపతులున్న ఇంట్లో రోజుకు 900 లీటర్లు చూపించింది. వాళ్ళు తలెత్తుకోలేకపోయారు, 'మేం అంత వాడమమ్మా' అని ఆవిడ నా దగ్గర ఏడ్చింది. రాత్రి కుళాయిలన్నీ మూసి చూస్తే మీటరు తిరుగుతూనే ఉంది. గోడలో పైపు జాయింటు కారుతోంది, కింది ఫ్లాటు సీలింగులో ఏళ్ళుగా ఉన్న తేమ మరక అదే. మీటరు లేకపోతే అది ఇప్పటికీ దొరికేది కాదు. మీ గొడవలో ఈ మాట చెప్పండి. మీటరు ఎవరినో పట్టుకోవడానికే కాదు, చేయని తప్పు నుంచి బయట పడేయడానికి కూడా.

ప్రశ్న: ఆర్‌ఓ మెషీన్ నుంచి పోయే నీళ్ళు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మొక్కలకు పోయవచ్చా?
*ఒక పాఠకురాలు, గుంటూరు*

జవాబు: ముందు అసలు ఆర్‌ఓ అవసరమా అన్నది చూడండి. నీటిలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. మీ ఇంటికి వచ్చే నీటిలో టీడీఎస్ 500 లోపు ఉంటే సాధారణంగా ఆర్‌ఓ అక్కర్లేదు, యూవీ ఫిల్టరు చాలు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓలు వద్దనే చెప్పింది. నీటిలో ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి ఉన్నాయని పరీక్షలో తేలితే అది వేరే సంగతి. మెషీన్ తప్పదనుకుంటే లీటరు మంచినీళ్ళకు రెండు, మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పైపును బకెట్టులోకి తిప్పి ఇల్లు తుడవడానికి, టాయిలెట్లలో పోయడానికి వాడండి. మొక్కలకు అప్పుడప్పుడూ మామూలు నీళ్ళతో కలిపి పోయవచ్చు, రోజూ అవే పోస్తే మట్టిలో ఉప్పు చేరి ఆకుల అంచులు మాడతాయి.

ప్రశ్న: మా టెర్రస్ మీద కామన్ మీటరుకు సోలార్ పెట్టిస్తామని కంపెనీల వాళ్ళు తిరుగుతున్నారు. ఒకరు 10 కిలోవాట్లు అంటారు, ఇంకొకరు 20. ఎంత పెట్టించాలి? సబ్సిడీ వస్తుందా?
*అసోసియేషన్ కోశాధికారి, విశాఖపట్నం*

జవాబు: 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు సంఘాలకు కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయల సాయం ఉంది. సొంత ఇళ్ళకు ఇచ్చే 30,000 మీకు వర్తించదు. ఎవరైనా ఆ లెక్క చూపిస్తే జాగ్రత్తపడండి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్లంటే నెలకు 1,200 యూనిట్లు.

సైజు నిర్ణయించే ముందు వాడకం తగ్గించండి. మెట్ల దగ్గర, పార్కింగులో చోక్ ఉన్న పాత ట్యూబులైట్లు తీసి ఇరవై వాట్ల ఎల్‌ఈడీలు వేయించి, పార్కింగులో మనిషి కదిలితే వెలిగే సెన్సర్లు పెట్టించండి. మోటారు యూనిట్‌కు ఎన్ని లీటర్లు ఎక్కిస్తోందో చూడండి. అలా మూడు నెలలు బిల్లులు చూశాక వచ్చే యూనిట్లను 120తో భాగిస్తే మీకు కావలసిన కిలోవాట్లు వస్తాయి. ముందే 20 పెట్టేసి తర్వాత 8 చాలని తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. మోటార్లను రాత్రి బదులు పగలు పదకొండు నుంచి రెండు మధ్య నడిచేలా టైమరు పెట్టుకోండి.

విశాఖ కాబట్టి ఇంకో మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మీ ఊరిని ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్యానెళ్ళ స్టాండ్లు ఎంత గాలికి తట్టుకునేలా డిజైన్ చేశారో కంపెనీ చేత రాతపూర్వకంగా తీసుకోండి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు, గాల్వనైజ్ చేసిన స్టాండ్లు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటుకు ఇంకుడు గుంత ఉంది. వాన పడితే నీళ్ళు అందులోకి దిగవు, పైనుంచి పొర్లి రోడ్డు మీదకు పోతాయి. పూడ్చేసి పార్కింగు చేద్దామంటున్నారు. ఏం చెప్పాలి?
*రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ*

జవాబు: దయచేసి పూడ్చనివ్వకండి అన్నయ్యగారూ. ఇంకుడు గుంతలు కట్టించమన్న వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002లో వచ్చి ఇన్నేళ్ళయింది. గుంత కట్టడం కాగితం మీద పూర్తవుతుంది, ఆ తర్వాత దాన్ని శుభ్రం చేయాలని ఎవరికీ గుర్తుండదు. మీ గుంత చెడిపోలేదు, పైన ఉన్న ఇసుక పొర మట్టి పట్టి బిగుసుకుపోయింది. అంతే.

మీ డాబా 4,000 చదరపు అడుగులు ఉందనుకోండి. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఆవిరైపోయేది, కొట్టుకుపోయేది తీసేసినా 2,38,000 లీటర్లు దిగుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 47. అవి మీ టెర్రస్ మీదకు డీజిలు లేకుండా, డ్రైవరు లేకుండా వస్తున్నాయి. వాటిని రోడ్డు మీద వదిలేసి జనవరిలో ట్యాంకరుకు ఫోన్ చేస్తున్నాం.

మే నెలాఖరులోపు ఇద్దరు కూలీలను పెట్టి ఇలా చేయించండి. పైన ఉన్న ఇసుక అడుగు లోతు తీసేయాలి. కింద కంకర తీసి కడిగి మళ్ళీ వేయాలి, అడుగున పెద్దరాళ్ళను కదపనక్కర్లేదు. పైన కొత్త ఇసుక. గుంతకు ముందు చిన్న తొట్టి కట్టిస్తే ఆకులు, మట్టి అందులో ఆగుతాయి, వాన తర్వాత వాచ్‌మన్ తీసి పారేయగలడు. డాబా పైపుకు ఒక వాల్వు పెట్టి మొదటి పది నిమిషాల వాన బయటికి వదిలేయండి, ఆ నీటిలో పావురాల రెట్ట, దుమ్ము ఉంటాయి. కార్లు కడిగిన నీళ్ళు, వంటింటి నీళ్ళు ఆ గుంత వైపు ఎప్పుడూ మళ్ళించకండి, అవి నేరుగా మీ బోరులోకే చేరతాయి. వీలుంటే ఇంకో పని. టెర్రస్ నీళ్ళను ముందు ఫిల్టరు గుండా సంపులోకి దింపి, సంపు నిండాక పొర్లినవి గుంతలోకి పోయేలా పైపు మార్పించండి. మాకు జూలైలో కొన్ని రోజులు బోరు వేయాల్సిన అవసరమే రాలేదు.

పని అయ్యాక కూలీలకు డబ్బు ఇచ్చే ముందు 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్ళు గుంతలో గబగబా పోయించి, గడియారం చూడండి. పావుగంటలోపు పైన నీళ్ళు కనిపించకుండా దిగిపోతే గుంత వానకు సిద్ధం. నిలిచి ఉంటే ఇంకో అడుగు తీయించండి.